హెచ్‌పీవీ టెస్టు రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చు? పాజిటివ్, నెగెటివ్ మాటల వెనుక ఉన్న లెక్క ఇదీ

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడానికి డాక్టర్లు ఇప్పుడు రాస్తున్న పరీక్షల్లో ముఖ్యమైనది హెచ్‌పీవీ డీఎన్ఏ టెస్టు. పెద్ద ఆసుపత్రుల హెల్త్ ప్యాకేజీల్లోనూ ఇది కనిపిస్తోంది. అయితే చాలామందికి అసలు గందరగోళం మొదలయ్యేది రిపోర్టు చేతికి వచ్చాకే.

'పాజిటివ్' అని ఉంటే క్యాన్సర్ వచ్చేసిందని కుంగిపోతారు. 'నెగెటివ్' అని ఉంటే ఇక జీవితంలో ఈ పరీక్ష అవసరమే లేదని ఊరుకుంటారు. ఈ రెండూ పొరపాటే. ఒక ల్యాబ్‌లో పాజిటివ్ వచ్చినవారికి మరో ల్యాబ్‌లో నెగెటివ్ రావడం కూడా జరుగుతుంది. అలాంటప్పుడు ఏది నిజం? ఈ పరీక్ష ఎంత కచ్చితమైనది? ఏ రకం వైరస్ ఉందో నిజంగా చెప్పగలదా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఇది ఎందుకు ముఖ్యమో రెండు అంకెల్లో. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఏడాది దాదాపు 1.27 లక్షల మంది మహిళలకు కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది. సుమారు 80 వేల మంది చనిపోయారు. ముందు దశలో దొరికితే చిన్న చికిత్సతో ఆపగలిగే జబ్బు ఇది.

హెచ్‌పీవీ అంటే ఒక్క వైరస్ కాదు

హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను పొట్టిగా హెచ్‌పీవీ అంటారు. ఇది ఒక పెద్ద కుటుంబం. ఇందులో 200కు పైగా రకాలను గుర్తించి, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చారు. వాటిలో చాలావాటితో పెద్ద ప్రమాదం లేదు. ఉదాహరణకు 6, 11 రకాల వల్ల జననాంగాల దగ్గర పులిపిర్లు వస్తాయి. అవి ఇబ్బంది పెడతాయి గానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసేవి కావు.

పరీక్షలు వెతికేది 'హై రిస్క్' రకాలను. 16, 18, 31, 33, 35, 39, 45, 51, 52, 56, 58, 59 అనే 12 రకాలు క్యాన్సర్‌కు కారణమవుతాయని గట్టి ఆధారాలున్నాయి. వీటికి తోడు చాలా టెస్టులు 66, 68 రకాలను కూడా చూస్తాయి. అందుకే మీ రిపోర్టులో '14 హై రిస్క్ టైప్స్' అన్న మాట కనిపిస్తుంది.

ఈ 14 రకాల ప్రమాదం ఒకే స్థాయిలో ఉండదు. ప్రపంచంలో ఈ క్యాన్సర్ కేసుల్లో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. వాటికి 31, 33, 35, 45, 52, 58 కలిపితే 90 శాతం దాకా వస్తుంది. మిగతా రకాల వాటా తక్కువ. రిపోర్టును అర్థం చేసుకోవడానికి ఈ తేడా చాలా ముఖ్యం.

పరీక్షలో ఏం చేస్తారు?

గర్భాశయ ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్‌తో కణాలను తీసి, ఒక ద్రవం ఉన్న సీసాలో వేసి ల్యాబ్‌కు పంపుతారు. నొప్పి పెద్దగా ఉండదు. ల్యాబ్‌లో ఆ కణాల్లో వైరస్ జన్యు పదార్థం ఉందో లేదో చూస్తారు. ఇందుకు ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది హైబ్రిడ్ క్యాప్చర్-2. ఇది పాతది, అందరికన్నా ఎక్కువగా అధ్యయనం చేసినది. 13 హై రిస్క్ రకాల డీఎన్ఏను ఒకేసారి పట్టుకుని, దాని నుంచి వచ్చే వెలుగును కొలుస్తుంది. ఆ వెలుగు నిర్ణీత స్థాయి దాటితే పాజిటివ్. అయితే 13లో ఏ రకం ఉందో చెప్పదు.

రెండోది పీసీఆర్. కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసిన పద్ధతే. వైరస్ జన్యువులో ఒక ముక్కను లక్షల రెట్లు పెంచి గుర్తిస్తుంది. కోబాస్, జీన్‌ఎక్స్‌పర్ట్, మన దేశంలో తయారైన ట్రూనాట్ ఈ కోవలోవే. వీటిలో చాలావరకు 16, 18 రకాలను విడిగా చూపించి, మిగతావాటిని గుంపుగా చెబుతాయి.

మూడోది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. వైరస్ ఉందా అని కాకుండా, క్యాన్సర్‌కు దారితీసే ఈ6, ఈ7 అనే జన్యువులు పనిచేస్తున్నాయా అని చూస్తుంది.

పద్ధతులు వేరైనప్పుడు, సరిహద్దులో ఉన్న నమూనాలకు ఫలితాలు వేరుగా రావడంలో వింతేమీ లేదు. రెండు ల్యాబ్‌లు రెండు మాటలు చెప్పాయంటే ఏదో ఒకటి మోసం చేసిందని అర్థం కాదు.

కచ్చితత్వం అంటే రెండు లెక్కలు

'ఈ టెస్టు 95 శాతం కచ్చితం' అనే ప్రకటన చూస్తే, అది ఏ లెక్కో అడగాలి. ఎందుకంటే లెక్కలు రెండు.

ఒకటి, నిజంగా జబ్బు ముందు దశలో ఉన్న వందమందిలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుంది? దీన్ని సెన్సిటివిటీ అంటారు. రెండోది, జబ్బు లేని వందమందిలో ఎంతమందికి సరిగ్గా నెగెటివ్ చెబుతుంది? దీన్ని స్పెసిఫిసిటీ అంటారు. మొదటిది తగ్గితే రోగులు తప్పించుకుంటారు. రెండోది తగ్గితే ఏమీ లేనివారు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్ మండలంలో మూడు పరీక్షలను పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. అప్పటికి అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. అక్కడ తేలింది ఇదీ:

హెచ్‌పీవీ డీఎన్ఏ టెస్టు: సెన్సిటివిటీ 100 శాతం, స్పెసిఫిసిటీ 90.6 శాతం.
పాప్ స్మియర్: సెన్సిటివిటీ 78.2 శాతం, స్పెసిఫిసిటీ 86 శాతం.
వీఐఏ, అంటే అసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే పరీక్ష: సెన్సిటివిటీ 31.6 శాతం, స్పెసిఫిసిటీ 87.5 శాతం.

100 శాతం అన్నంత మాత్రాన ఈ పరీక్ష ఎక్కడా ఎప్పుడూ పొరపాటు చేయదని కాదు. ఒక అధ్యయనంలో దొరికే జబ్బు కేసులు తక్కువే ఉంటాయి. అయినా మూడింటి మధ్య తేడా మాత్రం స్పష్టంగా ఉంది.

ఇప్పుడు ఇదే లెక్కను ఒక ఊరికి వర్తింపజేసి చూద్దాం. వెయ్యి మంది మహిళలకు హెచ్‌పీవీ పరీక్ష చేశారనుకోండి. వారిలో ఐదుగురికి నిజంగా చికిత్స అవసరమైన ముందు దశ ఉందనుకుందాం. పరీక్ష ఆ ఐదుగురినీ పట్టుకుంటుంది. మిగతా 995 మందిలో సుమారు 94 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. అంటే మొత్తం 99 పాజిటివ్‌లలో నిజంగా చికిత్స కావాల్సింది ఐదుగురికే. ఇరవై మందిలో ఒక్కరికి అన్నమాట.

పాజిటివ్ రిపోర్టు చూసి గుండె జారిపోయినవారు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది. ఆ 94 మంది రిపోర్టులు 'తప్పు' కూడా కాదు. వారిలో చాలామందికి వైరస్ నిజంగానే ఉంటుంది. జబ్బు మాత్రం ఉండదు.

వైరస్ ఉండటం వేరు, జబ్బు ఉండటం వేరు

దాంపత్య జీవితం మొదలైనవారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా ఏళ్ల తరబడి ఉండిపోతేనే ముఖద్వారం కణాలు మారడం మొదలవుతుంది. అక్కడి నుంచి క్యాన్సర్ కావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీ ఉన్నవారిలో, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ఇంకా త్వరగా రావచ్చు.

కాబట్టి అతి కొద్ది వైరస్‌ను కూడా పట్టేసే టెస్టే గొప్పదని అనుకోనక్కర్లేదు. మరీ కొద్దిపాటి వైరస్ చాలాసార్లు దానంతటదే పోయేదే. దాన్ని పట్టుకుని పాజిటివ్ అంటే, అనవసరమైన బయాప్సీలు, ఖర్చు, భయం తప్ప ఒరిగేదేమీ లేదు. అందుకే మంచి టెస్టుల్లో ఒక కటాఫ్ పెడతారు. అంతకన్నా తక్కువ వైరస్ ఉంటే నెగెటివ్ అనే చెబుతారు. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు.

30 ఏళ్లలోపు వారికి ఈ పరీక్షను సాధారణంగా సిఫారసు చేయకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ వయసులో వచ్చి పోయే ఇన్ఫెక్షన్లే ఎక్కువ.

కొత్త టెస్టు పనికొస్తుందో లేదో తేల్చడానికి 2009లో అంతర్జాతీయ నిపుణులు కొన్ని ప్రమాణాలు పెట్టారు. కొత్త టెస్టు 30 ఏళ్లు దాటిన మహిళల్లో, జబ్బు ముందు దశను గుర్తించడంలో హైబ్రిడ్ క్యాప్చర్-2తో పోలిస్తే కనీసం 90 శాతం సెన్సిటివిటీ చూపాలి. స్పెసిఫిసిటీ కనీసం 98 శాతం ఉండాలి. అదే నమూనాను మళ్లీ పరీక్షించినా, వేరే ల్యాబ్‌లో పరీక్షించినా ఫలితం నిలకడగా రావాలి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొలమానం 'వైరస్‌ను ఎంత బాగా పట్టింది' అన్నది కాదు, 'జబ్బును ఎంత బాగా పట్టింది' అన్నది. స్పెసిఫిసిటీ విషయంలో షరతు మరింత కఠినంగా ఉండటం కూడా అందుకే.

ఏ రకమో చెప్పడం ఎందుకు ముఖ్యం?

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 20 వేలకు పైగా మహిళలను పదేళ్ల పాటు గమనించిన అధ్యయనం 2005లో వచ్చింది. మొదట్లో 16 రకం ఉన్నవారిలో 17.2 శాతం మందికి పదేళ్లలో తీవ్రమైన ముందు దశ లేదా క్యాన్సర్ కనిపించింది. 18 రకం ఉన్నవారిలో ఇది 13.6 శాతం. మిగతా హై రిస్క్ రకాలు ఉన్నవారిలో 3 శాతం. నెగెటివ్ వచ్చినవారిలో 0.8 శాతమే.

'హై రిస్క్ పాజిటివ్' అనే ఒకే మాట కింద ఇంత తేడా దాగి ఉంది. అందుకే 16 లేదా 18 పాజిటివ్ వస్తే డాక్టర్లు వెంటనే కాల్పోస్కోపీకి పంపుతారు. ఇతర రకాలైతే మరో పరీక్ష చేసి, అవసరాన్ని బట్టి నిర్ణయిస్తారు. 16 రకం వచ్చినవారిలో కూడా ఎక్కువమందికి పదేళ్లలో తీవ్రమైన మార్పు రాలేదన్నది మరిచిపోకండి.

రకం చెప్పడంలో పరీక్ష ఎక్కడ తడబడుతుంది?

వైరస్ ఉందా లేదా అని చెప్పడం కన్నా, ఏ రకమో చెప్పడం కష్టమైన పని. కారణాలు మూడు.

మొదటిది పోలిక. హెచ్‌పీవీ రకాలు దగ్గరి చుట్టాల్లాంటివి. వాటి డీఎన్ఏలో చాలా భాగం ఒకేలా ఉంటుంది. ఒక రకం కోసం పెట్టిన ప్రోబ్‌కు ఇంకో రకం అతుక్కోవచ్చు. హైబ్రిడ్ క్యాప్చర్-2లో ఈ ఇబ్బంది బాగా తెలిసినదే. హై రిస్క్ కాని కొన్ని రకాలకు కూడా అది పాజిటివ్ చూపిస్తుంది.

రెండోది మిశ్రమ ఇన్ఫెక్షన్లు. ఒకే మహిళలో రెండు మూడు రకాలు ఉండటం అరుదేమీ కాదు. చాలా రకాలను ఒకే ప్రైమర్లతో పెంచే పీసీఆర్‌లో, ఎక్కువ మోతాదులో ఉన్న రకం రసాయనాలన్నీ వాడేసుకుంటుంది. తక్కువగా ఉన్న రకం కనపడకుండా పోతుంది. పరిశోధనల్లో విరివిగా వాడిన లీనియర్ అర్రే అనే టెస్టులో మరో చిక్కు ఉంది. అందులో 52 రకాన్ని చూపే గీత 33, 35, 58 రకాలకు కూడా వస్తుంది. ఆ మూడింట్లో ఏదైనా ఉంటే 52 కూడా ఉందో లేదో ఆ టెస్టుతో తేల్చలేరు.

మూడోది గుంపుగా చెప్పడం. కోబాస్ 16ను, 18ను విడిగా చెప్పి, మిగతా 12 రకాలను ఒకే గుంపుగా ఇస్తుంది. జీన్‌ఎక్స్‌పర్ట్ ఐదు గుంపులు చేస్తుంది. 16 విడిగా, 18తో 45 కలిపి, 31, 33, 35, 52, 58 ఒక గుంపుగా, మిగతావి రెండు గుంపులుగా చూపిస్తుంది. 'అదర్ హై రిస్క్ పాజిటివ్' అని రాసిన రిపోర్టు పట్టుకుని, నాది ఏ నంబరు అని డాక్టర్‌ను అడిగితే ఆయన దగ్గర సమాధానం ఉండదు. చికిత్సకు ఆ నంబరు చాలా సందర్భాల్లో అవసరం కూడా ఉండదు.

రిపోర్టులో కొన్నిసార్లు ఒక అంకె ఉంటుంది. హైబ్రిడ్ క్యాప్చర్‌లో వెలుగు నిష్పత్తి, పీసీఆర్‌లో సీటీ విలువ. ఆ అంకెను చూసి జబ్బు తీవ్రత అంచనా వేయకండి. నమూనాలో ఎన్ని కణాలు వచ్చాయన్నదాన్ని బట్టి కూడా అది మారుతుంది.

నెగెటివ్ ఎప్పుడు తప్పవుతుంది?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో 99.7 శాతం వాటిలో హెచ్‌పీవీ ఉంటుందని 1999లో ప్రచురితమైన ప్రసిద్ధ అధ్యయనం చూపింది. అలాంటప్పుడు జబ్బు ఉన్నా నెగెటివ్ ఎలా వస్తుంది?

నమూనా సరిగ్గా తీయకపోతే రావచ్చు. బ్రష్‌కు కణాలు అంటకపోతే యంత్రం చూడటానికి ఏమీ ఉండదు. అందుకే మంచి టెస్టుల్లో 'ఇంటర్నల్ కంట్రోల్' ఉంటుంది. మనిషి కణాల జన్యువు కూడా నమూనాలో ఉందో లేదో అది చూస్తుంది. లేకపోతే నెగెటివ్ అని కాకుండా 'ఇన్‌వాలిడ్' అని ఇస్తుంది. అలా వస్తే మళ్లీ నమూనా ఇవ్వాలి. హైబ్రిడ్ క్యాప్చర్-2లో ఈ తనిఖీ లేదు. అందులో ఖాళీ నమూనాకూ నెగెటివే వస్తుంది.

నెలసరి సమయంలో నమూనా ఇచ్చినా, ముందు రెండు రోజుల్లో యోనిలో క్రీములు, మందులు వాడినా ఫలితం దెబ్బతినవచ్చు. ల్యాబ్ వారు చెప్పకపోయినా ఈ జాగ్రత్త మీరు తీసుకోండి.

టెస్టు చూసే రకాల జాబితాలో లేని రకం ఉంటే కూడా నెగెటివ్ వస్తుంది. ట్రూనాట్‌నే తీసుకుంటే, మొదట వచ్చిన చిప్ 16, 18, 31, 45 అనే నాలుగు రకాలనే చూసేది. తర్వాత వచ్చిన దానిలో 33, 35, 52, 58 చేర్చి ఎనిమిది చేశారు. ఎక్కువ రకాలు చూస్తేనే మంచిదని కూడా అనలేం. క్యాన్సర్‌కు అంతగా కారణం కాని రకాలను చేర్చుకుంటూ పోతే పాజిటివ్‌లు పెరుగుతాయి, పట్టుబడే జబ్బు పెద్దగా పెరగదు. ముఖ్యమైన ఆ ఎనిమిది ఉన్నాయా అన్నది చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. సంభోగం తర్వాత రక్తం కనిపించడం, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట లాంటి లక్షణాలుంటే నెగెటివ్ రిపోర్టు చూసుకుని ఇంట్లో కూర్చోకండి. హెచ్‌పీవీ స్క్రీనింగ్ పరీక్ష లక్షణాలు లేనివారి కోసం. లక్షణాలున్నవారిని డాక్టర్ నేరుగా పరీక్షించాలి.

ల్యాబ్ మీద నిఘా ఎవరిది?

2020లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ప్రపంచ మార్కెట్లో 250కి పైగా హెచ్‌పీవీ టెస్టులున్నాయి. వాటిలో 90 శాతానికి పైగా టెస్టులను నిపుణులు ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం ఎవరూ పరీక్షించి చూడలేదు. అంటే పెట్టె మీద హెచ్‌పీవీ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మడానికి వీల్లేదు.

టెస్టు మంచిదైనా ల్యాబ్ సరిగ్గా చేస్తోందా అన్నది ఇంకో ప్రశ్న. దీనికోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో హెచ్‌పీవీ ల్యాబ్‌ల నెట్‌వర్క్ ఏర్పాటు చేసింది. తర్వాత 16, 18 రకాల డీఎన్ఏకు అంతర్జాతీయ ప్రామాణిక నమూనాలు తయారయ్యాయి. ఆ ఒరవడిలోనే, లోపల ఏముందో చెప్పకుండా నమూనాలను వేర్వేరు దేశాల ల్యాబ్‌లకు పంపి పరీక్ష పెడతారు. 16, 18 రకాలు 5 మైక్రోలీటర్లలో 50 అంతర్జాతీయ యూనిట్లు ఉన్నా పట్టుకోవాలి. ఇతర రకాలైతే 500 జన్యు ప్రతులు ఉంటే గుర్తించాలి. లేని రకాన్ని ఉందని చెప్పడం ఒకసారికి మించకూడదు. ఇది విద్యార్థికి పెట్టే పరీక్ష లాంటిదే, కాకపోతే రాసేది ల్యాబ్.

మన దేశంలో సామాన్యుడు చూసుకోగలిగిన గుర్తు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు. అయితే ల్యాబ్‌కు గుర్తింపు ఉందంటే అక్కడ చేసే ప్రతి పరీక్షకూ ఉన్నట్టు కాదు. గుర్తింపు పొందిన పరీక్షల జాబితాలో హెచ్‌పీవీ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

నెగెటివ్ రిపోర్టుకున్న అసలు బలం

ఇన్ని లోపాలు చెప్పుకున్నాక, ఈ పరీక్ష ఎందుకు అన్న అనుమానం రావచ్చు. దానికి జవాబు పక్క రాష్ట్రం మహారాష్ట్రలో దొరికింది.

ఉస్మానాబాద్ జిల్లాలో, ఇప్పటి ధారాశివ్‌లో, 1999లో ఒక భారీ అధ్యయనం మొదలైంది. 30 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న 1,31,746 మంది మహిళలను నాలుగు బృందాలు చేశారు. ఒక బృందానికి హెచ్‌పీవీ పరీక్ష, ఒకదానికి పాప్ స్మియర్, ఒకదానికి వీఐఏ. నాలుగో బృందానికి అప్పటి సాధారణ సేవలే. పరీక్ష చేసింది ఒక్కసారే. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే, సాధారణ సేవల బృందంలో ఈ క్యాన్సర్‌తో 64 మంది చనిపోయారు. హెచ్‌పీవీ బృందంలో 34 మంది. ఒక్క పరీక్షతో మరణాలు దాదాపు సగం తగ్గాయి. పాప్ స్మియర్, వీఐఏ బృందాల్లో అంత స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు.

హెచ్‌పీవీ నెగెటివ్ వచ్చినవారిలో తర్వాతి ఏళ్లలో క్యాన్సర్ రావడం పాప్ స్మియర్ నెగెటివ్, వీఐఏ నెగెటివ్ వారిలో కన్నా నాలుగో వంతుకు పడిపోయింది. యూరప్ దేశాల అధ్యయనాలు కూడా ఇదే చెప్పాయి. హెచ్‌పీవీ నెగెటివ్ వచ్చిన వెయ్యి మందిలో ఆరేళ్లలో ముగ్గురికి కూడా తీవ్రమైన ముందు దశ రాలేదు. పాప్ స్మియర్ నెగెటివ్ వారిలో దాదాపు పదిమందికి వచ్చింది.

అంటే ఈ పరీక్షలో అన్నిటికన్నా నమ్మదగిన మాట 'నెగెటివ్'. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో 30 ఏళ్ల నుంచి హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష చేసి, నెగెటివ్ వస్తే 5 నుంచి 10 ఏళ్ల తర్వాత మళ్లీ చేస్తే చాలని చెప్పింది. హెచ్ఐవీ ఉన్నవారికి మాత్రం 25 ఏళ్ల నుంచి, 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరిస్థితి ఏమిటి?

2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ చేయాలి. అందులో పెట్టిన పరీక్ష వీఐఏ. ఖర్చు తక్కువ, ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. కానీ చూసేవారి నైపుణ్యం మీద ఆధారపడుతుంది. నెలసరి ఆగిపోయినవారిలో అంతగా పనిచేయదు. అలాగని వద్దనకండి. ముంబయి మురికివాడల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు పదేపదే వీఐఏ చేయగా మరణాలు 31 శాతం తగ్గాయి. అందుబాటులో ఉన్న పరీక్ష చేయించుకోవడం, ఏదీ చేయించుకోకపోవడం కన్నా మేలు.

అసలు లోటు వేరే చోట ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ స్క్రీనింగ్ చేయించుకున్నవారు 1.9 శాతమే.

మేడ్చల్ అధ్యయనంలో రెండో సగం కథ కూడా ఇదే. పిలిచిన మహిళల్లో 58 శాతం మంది అసలు పరీక్షకే రాలేదు. మరో 28 శాతం మంది తర్వాతి కాల్పోస్కోపీకో, బయాప్సీకో ఒప్పుకోలేదు. దాంతో ఆ ప్రాంతంలో ఉన్న జబ్బు కేసుల్లో 87.6 శాతం దాకా దొరకకుండా పోయి ఉండొచ్చని పరిశోధకులు అంచనా వేశారు. 100 శాతం సెన్సిటివిటీ ఉన్న పరీక్ష చేతిలో ఉండి కూడా! కచ్చితత్వం ల్యాబ్‌తో మొదలై ల్యాబ్‌తో అయిపోయేది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే ఇప్పుడు స్వయంగా నమూనా తీసుకునే పద్ధతి మీద దృష్టి పెరిగింది. మహిళే ఒక స్వాబ్‌తో యోని నుంచి నమూనా తీసి ఇస్తే చాలు. బిడియం తగ్గుతుంది, డాక్టర్ కోసం ఎదురుచూపు ఉండదు. పీసీఆర్ టెస్టులు వాడితే ఇలా తీసిన నమూనాలోనూ డాక్టర్ తీసిన నమూనాలో ఉన్నంత సెన్సిటివిటీ ఉంటుందని 2018లో వచ్చిన సమగ్ర విశ్లేషణలో తేలింది. హైబ్రిడ్ క్యాప్చర్ లాంటి వాటితో మాత్రం సెన్సిటివిటీ తగ్గుతుంది. కాబట్టి సొంతంగా నమూనా ఇస్తున్నట్టయితే అది పీసీఆర్ టెస్టేనా అని అడగండి.

పాజిటివ్ వస్తే ఏం చేయాలి?

భయపడి ఆగిపోవద్దు, గర్భసంచి తీయించుకోవడానికి తొందరపడవద్దు. పాజిటివ్ రిపోర్టు ఒక్కటే గర్భసంచి తీయడానికి కారణం కాదు. అలా చెప్పినవారుంటే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

16 లేదా 18 పాజిటివ్ అయితే కాల్పోస్కోపీ చేయించుకోవాలి. అంటే పెద్దది చేసి చూపే పరికరంతో ముఖద్వారాన్ని చూడటం. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. జబ్బు ఉందో లేదో తేల్చేది ఆ బయాప్సీయే. ఇతర రకాలైతే పాప్ స్మియర్ లేదా వీఐఏ చేసి చూస్తారు. అందులో ఏమీ లేకపోతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 24 నెలల తర్వాత మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలి. ముందు దశ దొరికితే ఆ భాగాన్ని వేడితోనో, చలితోనో కాల్చడం, లేదా తీసేయడం చేస్తారు. చికిత్స తర్వాత 12 నెలలకు ఇంకోసారి పరీక్ష ఉంటుంది.

మరో విషయం. చాలా ఇళ్లలో పాజిటివ్ రిపోర్టు గొడవలకు దారితీస్తుంది. వైరస్ ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నది ఈ పరీక్ష చెప్పలేదు. ఏళ్ల కిందట సోకి, ఇన్నాళ్లూ కనపడకుండా ఉండి ఇప్పుడు బయటపడవచ్చు. కాబట్టి భార్య మీద గానీ భర్త మీద గానీ అనుమానానికి ఈ రిపోర్టును సాక్ష్యంగా చూడటం తప్పు. పురుషులకు స్క్రీనింగ్ కోసం ఆమోదించిన హెచ్‌పీవీ పరీక్ష కూడా లేదు.

టీకా వేయించుకున్నవారికి పరీక్ష అవసరం లేదా? ఉంది. మన దేశంలో తయారయ్యే సెర్వావ్యాక్ 6, 11, 16, 18 రకాల నుంచి రక్షణ ఇస్తుంది. మిగతా హై రిస్క్ రకాలు ఉండనే ఉన్నాయి. పైగా టీకాకు ముందే సోకిన ఇన్ఫెక్షన్‌ను టీకా తీసేయలేదు.

ల్యాబ్‌లో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఇది ఏ టెస్టు? పేరు రిపోర్టులో రాస్తారా?
2. ఎన్ని రకాలు చూస్తుంది? 16, 18 విడిగా చెబుతుందా?
3. నమూనాలో కణాలు సరిపడా ఉన్నాయో లేదో చూసే ఇంటర్నల్ కంట్రోల్ ఉందా?
4. హెచ్‌పీవీ పరీక్షకు మీకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా?
5. పాజిటివ్ వస్తే కాల్పోస్కోపీ ఎక్కడ చేస్తారు?

ఐదో ప్రశ్న ల్యాబ్ వారికి కొత్తగా అనిపించవచ్చు. జవాబు రాకపోతే పరీక్ష రాసిన డాక్టర్‌నే అడిగి, నమూనా ఇవ్వకముందే తెలుసుకోండి. రిపోర్టును పారేయకుండా దాచుకోండి. మళ్లీ పరీక్ష చేయించుకునేటప్పుడు అదే టెస్టు అడగండి. వేర్వేరు టెస్టుల ఫలితాలు పోల్చడం కష్టం. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి చూస్తే వైరస్ పోయిందా, ఉండిపోయిందా అన్నది డాక్టర్‌కు తెలుస్తుంది. తర్వాతి నిర్ణయం దాని మీదే ఉంటుంది.